అక్కను కాపాడటానికి ఇంకా ఎన్ని గుమ్మాలు ఎక్కాలి?

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది రాయదుర్గం. నేను పెళ్ళయ్యాక గుంతకల్లులో ఉంటున్నాను. మా అక్కను రాయదుర్గంలోనే ఇచ్చినారు. పదకొండేళ్ళయింది, ఇద్దరు పిల్లలు. బావ తాగుతాడు, కొడతాడు. అక్క ఇంట్లోనే మిషను పెట్టుకొని జీన్స్ ప్యాంట్లు కుడుతుంది. వారం వారం వచ్చే కూలి కూడా ఆయనే లాక్కుంటాడు. పోయిన నెల స్టేషన్‌కు పోయినాము. బావను పిలిపించి గట్టిగా అరిచి, "ఇంక కొట్టను" అని పేపరు రాయించి ఇద్దరినీ ఇంటికి పంపించినారు. అంతకు ముందు ఆసుపత్రిలో బావ పక్కనే నిలబడి ఉంటే అక్క కింద పడినానని చెప్పింది, డాక్టరు అదే రాసినారు. ఐసీడీఎస్ ఆఫీసుకు పోతే ముందు పోలీసు కేసు పెట్టుకొని రండి అన్నారు. లాయరు ఖర్చవుతుందన్నాడు. పెద్దమనుషులు సర్దుకుపొమ్మంటారు. పొదుపు సంఘం లీడరు మాత్రం అక్క పక్షానే ఉంది, కానీ ఆమెకూ ఏం చేయాలో తెలియదు. మొన్న రాత్రి గొంతు కూడా పట్టుకున్నాడంట, రెండు రోజులు అన్నం మింగలేకపోయింది. ఇల్లు అత్త పేరు మీద ఉంది, బయటికి గెంటేస్తే ఎట్లా అని అక్క భయం. బావను జైల్లో పెట్టించడం కూడా ఆమెకు ఇష్టం లేదు. ఈ ఆఫీసుల వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోరా మేడమ్? ఇంకా ఎన్ని గుమ్మాలు ఎక్కల్ల?

– ఒక చెల్లెలు, గుంతకల్లు

సమాధానం:

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు, మీరు చివర్లో వేరే మాటల మధ్య రాసిన ఒక వాక్యం గురించి మాట్లాడాలి. గొంతు పట్టుకున్నాడు, రెండు రోజులు అన్నం మింగలేకపోయింది అన్నారు. చెంపదెబ్బ, తోపులాట, గొంతు నులమడం అన్నీ ఒకే వరుసలో చెప్పుకుంటాం గానీ, ఇవి ఒకే కోవకు చెందినవి కావు. ఒకసారి భార్య గొంతు పట్టుకున్న మనిషి చేతిలో ఆమె ప్రాణానికి ముప్పు చాలా ఎక్కువని గృహహింస మీద పనిచేసేవాళ్ళు ప్రపంచమంతటా గుర్తించారు. పైకి గీత కూడా పడకుండా లోపల దెబ్బ తగలొచ్చు. మింగడం కష్టం కావడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి ఆడకపోవడం, తల తిరగడం లాంటివి కొన్ని రోజుల తర్వాత కూడా బయటపడొచ్చు. కాబట్టి అక్క ఇప్పుడు బాగానే ఉన్నానని చెప్పినా సరే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రాయదుర్గం ప్రభుత్వాసుపత్రికి గానీ, వీలైతే అనంతపురం పెద్దాసుపత్రికి గానీ. బావ వెంట రాకూడదు. మీరో, సంఘం లీడరో తోడు వెళ్ళండి. డాక్టరుకు "మా ఆయన గొంతు నులిమాడు, మింగలేకపోయాను" అని జరిగింది జరిగినట్టు చెప్పమనండి. ఎంఎల్‌సీ, అంటే పోలీసులకు తెలియజేయాల్సిన మెడికో లీగల్ కేసుగా రాయమని అడగండి. అలా రాస్తే ఆసుపత్రి నుంచే పోలీసులకు సమాచారం వెళ్తుంది.

మొదటిసారి "కింద పడ్డాను" అని చెప్పినందుకు అక్కను తప్పుపట్టకండి. కొట్టినవాడు మంచం పక్కనే నిలబడి ఉంటే ఎవరైనా అదే చెబుతారు. పక్కన ఎవరున్నారో చూసి, ఆయన్ను బయటకు పంపి ఆమెను ఒంటరిగా అడగాల్సింది ఆసుపత్రివాళ్ళు.

ఇక ఆఫీసుల సంగతి. ఒకరితో ఒకరు మాట్లాడుకోరా అని అడిగారు. మాట్లాడుకోవాలని చట్టమే రాసింది. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం పోలీసు, ఆసుపత్రి, కోర్టు, వసతి గృహం, స్వచ్ఛంద సంస్థ, ఇలా అందరికీ తలా ఒక పని అప్పగించి, ఆ పనులన్నింటినీ కలిపే బాధ్యత ఒకే ఒక అధికారి మీద పెట్టింది. ఆ అధికారిని రక్షణాధికారి అంటారు. మన రాష్ట్రంలో జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారి, అంటే జనం ఇప్పటికీ ఐసీడీఎస్ పీడీ అని పిలిచే అధికారే రక్షణాధికారి. ఆ ఆఫీసులోనే గృహహింస కేసులు చూసే విభాగం ఉంటుంది. దాన్ని డీవీ సెల్ అంటారు. మీరు రాయదుర్గంలో వెళ్ళింది బహుశా సీడీపీఓ, అంటే ఐసీడీఎస్ కింది స్థాయి అధికారి ఆఫీసుకు అయి ఉంటుంది. తాలూకా స్థాయిలో కూడా రక్షణాధికారులను గుర్తించి నియమించమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. అందుకని ఈసారి వెళ్ళినప్పుడు "మేడమ్ ఉన్నారా" అని కాకుండా "గృహహింస చట్టం కింద ఇక్కడ రక్షణాధికారి ఎవరు?" అని అడగండి. అలా అడిగితే ఆ పని ఎవరిదో వాళ్ళు చెప్పక తప్పదు.

అక్కడ అడగాల్సింది గృహ సంఘటన నివేదిక. ఆఫీసుల్లో డీఐఆర్ అంటారు. మీకు తెలిసిన పనితోనే పోల్చి చెబుతాను. జీన్స్ యూనిట్‌లో కటింగ్ ఒకరు, కుట్టు ఒకరు, బటన్ ఒకరు వేస్తారు. బండిల్‌తో పాటు ఒక చీటీ ఉంటే ఎవరి దగ్గరికి వెళ్ళినా అది ఏ సైజు, ఏ లాట్, ఎంత పని అయింది అని మళ్ళీ అడగక్కర్లేదు. చీటీ పోతే ప్రతి టేబుల్ దగ్గరా మళ్ళీ మొదటికే వస్తుంది. ఇన్నాళ్ళూ మీ అక్క విషయంలో జరిగింది అదే. ప్రతి ఆఫీసులోనూ కథ మొదటి నుంచి చెప్పుకుంది, ఎక్కడా ఆ చీటీ పుట్టలేదు. డీఐఆర్ అంటే ఆ చీటీ. ఎప్పుడు, ఎలా కొట్టాడు, కూలి డబ్బులు ఎలా లాక్కుంటున్నాడు, పిల్లల పరిస్థితి ఏమిటి, ఆమెకు ఏం కావాలి అన్నీ అందులో రాస్తారు. రక్షణాధికారి దాన్ని మెజిస్ట్రేటుకు పంపి, ఆ ప్రాంతపు పోలీస్ స్టేషన్‌కు కాపీ ఇవ్వాలి. అక్కకు కూడా ఒక కాపీ ఉచితంగా ఇస్తారు. తప్పకుండా తీసుకోండి.

"ముందు పోలీసు కేసు పెట్టుకొని రండి" అని మీకు చెప్పిన మాట తప్పు. డీఐఆర్ రాయడానికి ఎఫ్ఐఆర్ అవసరం లేదు. ఇంకో మాట, డీఐఆర్ లేకపోయినా బాధితురాలు నేరుగా మెజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చని, అది లేదన్న కారణంతో కోర్టు ఆమెను ఆపకూడదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రికి కూడా ఇందులో బాధ్యత ఉంది. డీఐఆర్ లేదని వైద్యం నిరాకరించకూడదు. అంతేకాదు, అప్పటికి ఎవరూ రాయకపోతే ఆసుపత్రి బాధ్యుడే ఆ ఫారం నింపి రక్షణాధికారికి పంపాలని, వైద్య పరీక్ష నివేదిక కాపీ ఆమెకు ఉచితంగా ఇవ్వాలని 2006 నాటి నియమాల్లో స్పష్టంగా ఉంది. ఈ నియమం తెలిసిన డాక్టర్లు మన దగ్గర ఎంతమంది ఉంటారో అని నాకు బాధగా ఉంటుంది. అందుకే మీరు తెలుసుకుని వెళ్ళాలి, మర్యాదగా గుర్తు చేయాలి.

స్టేషన్‌లో జరిగినదాని గురించి కూడా సూటిగా చెబుతాను. బావను పిలిచి అరవడం, పేపరు రాయించడం సహాయంలా అనిపించింది కానీ, చట్టం పోలీసులకు అప్పగించిన పని అది కాదు. గృహహింస ఫిర్యాదు వచ్చినప్పుడు కోర్టులో రక్షణ ఆర్డరు కోరవచ్చని, రక్షణాధికారి ఉన్నారని, ఉచితంగా లాయరును ఇస్తారని, కావాలంటే క్రిమినల్ కేసు కూడా పెట్టుకోవచ్చని ఆమెకు చెప్పడం వాళ్ళ విధి. ఇవేవీ చెప్పకుండా ఇద్దరినీ ఒకే ఆటోలో ఇంటికి పంపితే, ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించినట్టు కాదు. కౌన్సెలింగ్‌కు చట్టంలో చోటు ఉంది, కాదనను. కానీ అది మెజిస్ట్రేటు ఆదేశంతో, అర్హత ఉన్న కౌన్సెలర్ దగ్గర జరగాలి. అక్కడ "కూర మాడ్చింది కాబట్టి కొట్టాను" లాంటి సమర్థనలు భర్త చేయడానికి వీల్లేదని, ఆ విషయం అతనికి ముందే చెప్పాలని నియమం ఉంది. మన పెద్దమనుషుల పంచాయితీ మొదలయ్యేదే ఆ సమర్థనలతో. ఇద్దరి తప్పులూ లెక్కవేసి చెరి సగం పంచుతారు. గొంతు నులిమిన మనిషికీ, నులిమించుకున్న మనిషికీ మధ్య సర్దుబాటు చేయడానికి నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోవద్దు.

బ్రిటన్‌లో ఇలాంటి సమస్యకే ఒక పద్ధతి పెట్టుకున్నారు. వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో 2003లో మొదలైంది. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న మహిళల కేసుల మీద పోలీసు, ఆసుపత్రి, పిల్లల సంక్షేమం, ఇళ్ళ శాఖ, మహిళా సంస్థలు ఒకే టేబుల్ చుట్టూ కూర్చుంటాయి. ఒక్కో మహిళ గురించి ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పి, ఎవరు ఏ పని చేయాలో అక్కడే రాసుకుంటారు. ఆమె తరఫున మాట్లాడటానికి శిక్షణ పొందిన ఒక వ్యక్తి ఉంటారు. తర్వాత ఆ పద్ధతి దేశమంతా పాకింది. ఎందుకు చెబుతున్నానంటే, ఒక్కో ఆఫీసుకు ఒక్కో ముక్కే తెలుస్తుంది. డాక్టరుకు గాయం, టీచరుకు బడికి రాని పిల్ల, పోలీసుకు పాత గొడవ. ముక్కలన్నీ కలిపితే తప్ప అపాయం ఎంతో కనిపించదు. మనకు ఆ టేబుల్ లేదు. దానికి దగ్గరగా ఉన్నది సఖి వన్ స్టాప్ సెంటర్. 2015 ఏప్రిల్ నుంచి కేంద్రం జిల్లాకొకటి చొప్పున పెడుతూ వచ్చింది. అనంతపురంలో కూడా ఉంది. కౌన్సెలర్, న్యాయ సలహా, పోలీసు సహాయం, వైద్యం, ఐదు రోజుల దాకా తాత్కాలిక వసతి అన్నీ ఒక్క చోటే ఏర్పాటు చేస్తారు. అక్కడి నుంచి కూడా డీఐఆర్ రాయించవచ్చు. అంతకంటే ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే శక్తి సదన్ అనే మహిళల వసతి గృహానికి పంపుతారు.

రాయదుర్గం నుంచి అనంతపురం అంటే కళ్యాణదుర్గం మీదుగా బస్సులో సగం పూట పోతుంది, రోజు కూలి కూడా పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. అందుకని ముందు 181కి ఫోన్ చేయండి. అది మహిళల హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, వన్ స్టాప్ సెంటర్‌తో కలిపి ఉంటుంది. ఏ రోజు రావాలో, ఎవరిని కలవాలో, ఏ కాగితాలు తేవాలో అడిగి తెలుసుకుని ఒకేసారి వెళ్ళండి. ఫోన్ అక్క సెల్ నుంచి కాకుండా మీ సెల్ నుంచి చేయండి, బావ చూసే అవకాశం ఉండదు. మీరు చెల్లెలు కాబట్టి మీరే సమాచారం ఇవ్వచ్చా అనే అనుమానం వద్దు. గృహహింస జరుగుతోందని నమ్మే కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదు. పొదుపు సంఘం లీడరు కూడా చెప్పొచ్చు. ఆమెను తక్కువ అంచనా వేయకండి. వీధిలోనే ఉండి, అరుపు వినగానే తలుపు తట్టగలిగేది ఆమె. ఆమె, అంగన్‌వాడీ టీచరు, సచివాలయంలోని మహిళా పోలీసు, ఈ ముగ్గురికీ విషయం ముందే తెలిసి ఉంటే రాయదుర్గంలో మీ అక్కకు కాపలా ఉన్నట్టే. దెబ్బలు పడుతున్న నిమిషంలో మాత్రం ఎవరైనా సరే 112కి ఫోన్ చేయాలి. సెల్‌లో పోలీసు శాఖ శక్తి యాప్ వేసుకున్నా మంచిదే.

అక్క భయాల్లో ఇల్లు ఒకటి. ఇల్లు అత్త పేరు మీద ఉన్నా, ఆ ఇంట్లో కాపురం చేసిన కోడలికి అక్కడ ఉండే హక్కు ఉంది. కోర్టు ఆర్డరు లేకుండా గెంటేయకూడదు. అత్తమామల సొంత ఇల్లైనా ఇదే వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమెకు ఆస్తిలో వాటా వస్తుందని దీని అర్థం కాదు, నెత్తి మీద కప్పు తీసేయకూడదని మాత్రమే. భర్తనే కొన్నాళ్ళు ఆ ఇంటి నుంచి బయట ఉండమని కూడా మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. కూలి డబ్బులు లాక్కోవడం కూడా ఈ చట్టం ప్రకారం హింసే, ఆర్థిక హింస. ఖర్చులు, పిల్లల పోషణ, వైద్యం డబ్బులు, ఆమె నగలు తిరిగి ఇప్పించమని అదే దరఖాస్తులో అడగొచ్చు. పిల్లలను తన దగ్గరే ఉంచమనీ అడగొచ్చు. కుట్టు మిషను ఆమెదైతే ఆ సంగతి కూడా రాయించండి. అది ఆమె బతుకుతెరువు.

ఇంకో భయం బావ జైలు. ఆమె మనసు నాకు అర్థమవుతోంది. గృహహింస చట్టం కింద దరఖాస్తు వేస్తే ఆయన్ను వెంటనే పట్టుకుపోరు. కొట్టకూడదు, దగ్గరికి రాకూడదు, డబ్బు కట్టాలి అని కోర్టు ఆర్డరు వేస్తుంది. తొలి విచారణ తేదీ మామూలుగా మూడు రోజుల్లోపు ఉండాలని, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. అన్నిచోట్లా అలా జరగడం లేదు. అందుకని అపాయం ఉందని చూపించి, భర్త హాజరు కాకముందే తాత్కాలిక ఆర్డరు ఇమ్మని మొదటి రోజే అడగాలి. అక్కడ గొంతు సంగతి, ఆసుపత్రి కాగితం చాలా ముఖ్యం. ఆ ఆర్డరును ఆయన మీరితే అప్పుడు నేరం. ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా పడొచ్చు. అంటే జైలుకు పోవాలా వద్దా అనేది ఇక ఆయన చేతుల్లోనే ఉంటుంది. ఆర్డరు అమలయ్యేలా చూడమని స్టేషన్ అధికారిని కూడా మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు. అలాంటి ఆర్డరు చేతిలో ఉంటే ఈసారి స్టేషన్‌లో జరిగే మాట వేరేగా ఉంటుంది.

భార్యను హింసించిన భర్త మీద పెట్టే పాత 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85. అది వేరే దారి, క్రిమినల్ కేసు. రెండూ కలిపి నడపొచ్చు, ఒకటే కూడా నడపొచ్చు. నిర్ణయం అక్కది. కానీ గొంతు నులిమిన విషయం ఇంకా తీవ్రమైన నేరం కిందకు వస్తుందేమో లాయరుతో మాట్లాడి చూడమని నా సలహా. ఫిర్యాదు తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. సోమవారం ఎస్పీ ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వచ్చు.

లాయరు ఖర్చు గురించి దిగులు వద్దు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కి ఫోన్ చేసినా, కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళను అడిగినా చాలు. ఇంకొక సదుపాయం ఉంది. అక్క మీ ఇంటికి వచ్చి కొన్నాళ్ళు ఉంటే, తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా దరఖాస్తు వేయొచ్చు కాబట్టి గుంతకల్లు కోర్టులోనే వేసుకోవచ్చు. వాయిదాలకు రాయదుర్గం వెళ్ళి బావ కంటపడే బాధ తప్పుతుంది.

అయితే ఇల్లు వదిలి వచ్చే రోజు గురించి జాగ్రత్తగా ఆలోచించండి. భార్య వెళ్ళిపోతోందని తెలిసిన ఆ కొద్ది రోజులే అన్నింటికంటే ప్రమాదం. "పోతాను చూడు" అని ముందే బెదిరించవద్దని అక్కకు చెప్పండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, పెళ్ళి ఫోటో ఒకటి కొంచెం కొంచెంగా సంఘం లీడరు ఇంటికో, మీ ఇంటికో చేర్చండి. ఆయన పనికి పోయిన వేళ, పిల్లలతో కలిసి రావాలి. సఖి సెంటర్‌లో గానీ డీవీ సెల్‌లో గానీ కౌన్సెలర్ ఆమెతో కూర్చుని దీనికొక భద్రతా ప్రణాళిక రాయాలి. అది కూడా నియమాల్లో ఉన్న ఫారమే, అడగండి. వచ్చాక పది రోజులకు ఆమె మళ్ళీ వెళ్ళిపోతానంటే మీకు కోపం రావచ్చు. కోపగించుకోకండి. చాలామంది ఒకసారిలో బయటపడలేరు. మీ తలుపు మూసుకుపోలేదని ఆమెకు తెలియడం ముఖ్యం.

చివరగా, స్టేషన్‌లో రాసిన ఆ పేపరు. దాని మీద సంతకం పెట్టింది కాబట్టి మళ్ళీ ఫిర్యాదు చేయకూడదని ఎవరైనా అంటే నమ్మకండి. రాజీ తర్వాత జరిగిన హింసకు కొత్త ఫిర్యాదు ఇచ్చే హక్కు ఆమెకు పూర్తిగా ఉంది. పైగా "ఇంక కొట్టను" అని ఆయన రాసిచ్చాడంటే అంతకు ముందు కొట్టాడనే కదా. మెజిస్ట్రేటుకు గతం చూపించడానికి ఆ కాగితం పనికొస్తుంది. స్టేషన్‌లో కాపీ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కాపీ వచ్చేదాకా ఆగకండి. ముందు ఆసుపత్రి, ఆ వెంటనే 181.